మూతపడిన మంచు ఆటస్థలంలో వాననాటి నడక
(ఒక భూగోళ పాఠం)



ఒక కొండ మీద చెట్లు కొట్టి, దారులు చేసి, యంత్రాలు పెట్టి వ్యాపారం నడిపారనుకోండి. కొన్నేళ్ళకు ఆ వ్యాపారం ఆగిపోయింది. మనుషులు దిగి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆ కొండ ఏమవుతుంది? కొట్టిన చెట్లు తిరిగి వస్తాయా? కొట్టుకుపోయిన మన్ను తిరిగి వస్తుందా? అక్కడ మిగిలిన ఇనుము, కాంక్రీటు ఎవరు తీయాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ఇందుకు మేము ఎంచుకున్న చోటు మనకు చాలా దూరంలో ఉంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల మీద, బర్థుడ్ కనుమ అనే చోట 1937 నుంచి 2001 వరకు ఒక స్కీ ఏరియా నడిచింది. అంటే మంచు మీద జారే ఆటస్థలం. ఇప్పుడది లేదు. మేము అక్కడికి వెళ్ళి చూసినవాళ్ళం కాదు. భూగోళ శాస్త్రంలో పీజీ చదువుతున్నాం కాబట్టి పటాలు, ఫొటోలు, ఆ చోటి చరిత్ర దగ్గర పెట్టుకుని ఈ నడకను తయారు చేశాం. మీరూ మాతో పాటు మనసులో నడవండి.

నడకకు వానరోజునే ఎందుకు ఎంచుకున్నామంటే దానికీ కారణం ఉంది. ఎండ కాస్తున్నప్పుడు ఏ కొండైనా అందంగానే కనిపిస్తుంది. వాన పడుతున్నప్పుడు నీళ్ళు ఎటు పోతున్నాయో, మన్ను ఎక్కడ నిలుస్తోందో, ఎక్కడ కోసుకుపోతోందో కంటికి తెలుస్తుంది. కొండకు తగిలిన దెబ్బ వానలోనే బయటపడుతుంది.

స్కీ ఏరియా అంటే ఏమిటి?

మనలో చాలామందికి మంచు అంటే చలికాలం పొద్దున పొలాల మీద కనిపించే పొగమంచే. ఆకాశం నుంచి దూదిలా రాలి, నెలల తరబడి నేల మీద పేరుకుపోయే మంచు వేరు. ఆ మంచు మీద కాళ్ళకు పొడవైన సన్నని పలకలు బిగించుకుని కొండ పైనుంచి కిందికి జారడాన్ని స్కీయింగ్ అంటారు. మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి ఈ ఆటకు పేరు పొందాయి.

జారడం సులువు, ఎక్కడమే కష్టం. మొదట్లో నడిచి ఎక్కేవారు. 1934లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పాత ఫోర్డు కారు ఇంజనుకు తాడు తగిలించి, చక్రాల మీద గుండ్రంగా తిరిగేలా చేశారు. తిరిగే తాడును పట్టుకుంటే మనిషిని అదే పైకి ఈడ్చుకుపోతుంది. 1936లో ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో మొదటి కుర్చీ లిఫ్టు వచ్చింది. రైల్వే కంపెనీ ఇంజనీరు ఒకాయన, ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాన్ని చూసి, గెల తగిలించే కొక్కెం స్థానంలో కుర్చీ పెడితే మనిషిని ఎక్కించవచ్చు కదా అని ఆలోచించాడు. గెలల నుంచి పుట్టిన ఆ ఆలోచన ప్రపంచమంతా పాకింది.

లిఫ్టు వచ్చాక ఆట వ్యాపారమైంది. వ్యాపారానికి కొండ మీద నాలుగు పనులు చేయాలి. ఒకటి, జారే బాటల కోసం పైనుంచి కిందిదాకా అడవిని చారలుగా కొట్టాలి. రెండు, లిఫ్టు స్తంభాలకు కాంక్రీటు పునాదులు వేయాలి. మూడు, కింద లాడ్జి, బండ్లు నిలిపే మైదానం కట్టాలి. నాలుగు, యంత్రాలు పైకి పోవడానికి మట్టి రోడ్డు వేయాలి. ఈ నాలుగింటినీ గుర్తుంచుకోండి. మన నడకలో వీటి జాడలే వెతుకుతాం.

బర్థుడ్ కనుమ పరిచయం

డెన్వర్ నగరం నుంచి పడమరగా దాదాపు 95 కిలోమీటర్ల దూరంలో, 40వ నంబరు జాతీయ రహదారి మీద ఈ కనుమ ఉంది. సముద్రమట్టానికి ఎత్తు 11,307 అడుగులు, అంటే 3,446 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద కొండైనా దాదాపు 1,700 మీటర్లకు మించదు. అంటే రోడ్డు దాటే ఆ కనుమే మన పెద్ద కొండలకు రెట్టింపు ఎత్తులో ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. నాలుగడుగులు ఎక్కితే ఆయాసం వస్తుంది.

ఆ ప్రాంతం మొదట యూట్, అరపాహో ఆదివాసులు తిరిగిన నేల. 1861లో రైలు మార్గం వెతుకుతూ ఎడ్వర్డ్ బర్థుడ్ అనే సర్వేయరు ఈ కనుమను కొలిచాడు. రైలు ఎక్కలేనంత నిటారుగా ఉందని తేలింది. రైలు రాలేదు గానీ ఆయన పేరు నిలిచిపోయింది. 1874లో బండ్ల దారి వచ్చింది. తరువాత కార్లు వచ్చాయి. కారులో కనుమ మీదికి చేరి, అక్కడి నుంచి కిందికి జారి, దిగువన రోడ్డు మీద మళ్ళీ కారెక్కి పైకి రావడం కుర్రాళ్ళకు అలవాటైంది. 1937లో తాడు లిఫ్టు, 1940లలో కుర్చీ లిఫ్టు, ఆ తరువాత పెద్ద లాడ్జి వెలిశాయి. కొలరాడోలో లిఫ్టుతో నడిచిన తొలి స్కీ ఏరియాల్లో ఇదొకటి.

2001లో లిఫ్టులు ఆగిపోయాయి. 2003లో వాటిని విప్పి తీసుకుపోయారు. 2005లో లాడ్జిని కూల్చేశారు.

నడక మొదలు: కనుమ మీద

జూలై నెల అనుకుందాం. మనకు నైరుతి రుతుపవనాలు ఉన్నట్టే ఆ ప్రాంతానికీ వేసవి వానల గాలి ఒకటుంది. జూలై, ఆగస్టు నెలల్లో దక్షిణం వైపు నుంచి తేమ గాలులు వస్తాయి. పొద్దున నిర్మలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి నల్లబడి ఉరుములతో కురుస్తుంది. కాబట్టి మనం తెల్లవారుతుండగానే బయలుదేరుతున్నాం. ఇవాళ పొద్దుటి నుంచే సన్నగా పడుతోంది.

బట్టల మాట ముందు చెప్పుకోవాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. మూడున్నర వేల మీటర్ల దగ్గర లెక్క వేయండి. సముద్రతీరం కంటే 22 డిగ్రీలు తక్కువ. ఆ చలిలో నూలు బట్టలు తడిస్తే ఒంటి వేడిని పీల్చేస్తాయి. శరీరం చల్లబడి మనిషి మాట తడబడి, ఆలోచన మందగించి ప్రాణం మీదికి వస్తుంది. మంచు పడుతున్నప్పుడే కాదు, వేసవి వానలో కూడా ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే కొండలెక్కేవారు ఉన్ని గానీ, తొందరగా ఆరే సింథటిక్ బట్టలు గానీ వేసుకుని, పైన వానకోటు తొడుక్కుంటారు.

కనుమ మీద బండ్లు నిలిపే మైదానం అలాగే ఉంది. లాడ్జి ఉన్న చోట ఇప్పుడు లాడ్జి లేదు. ప్రయాణికులు చలి కాచుకోవడానికి చిన్న గది, మరుగుదొడ్లు మాత్రం తరువాతి కాలంలో కట్టారు. వాన నీరు తారు మీద పలచగా పారి, అంచుకు చేరేసరికి చిన్న కాలువ అవుతోంది. తారు ఒక్క చుక్కను కూడా పీల్చుకోదు. ఒక హెక్టారు నేల మీద పది మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు. ఆ లక్ష లీటర్లూ అంచు నుంచి ఒక్కచోట దూకితే దిగువన ఏం జరుగుతుందో ఊహించండి.

పాత బాటల మీద

కనుమకు తూర్పున కొలరాడో మైన్స్ అనే శిఖరం ఉంది. ఎత్తు 12,493 అడుగులు. శిఖరం మీద రేడియో స్తంభాలున్నాయి. అక్కడికి పోయే మట్టి రోడ్డు వెంట మనం ఎక్కుతున్నాం. తల తిప్పి చూస్తే పాత స్కీ బాటలు కనిపిస్తాయి. నల్లటి అడవి మధ్య లేత ఆకుపచ్చ చారలు. దువ్వెనతో పాపిడి తీసినట్టు ఉంటాయి. లిఫ్టులు పోయి ఇరవై ఏళ్ళు దాటినా ఆ పాపిళ్ళు పూడలేదు.

ముందు అడవిలోకి చూద్దాం. అక్కడివన్నీ సూదుల్లాంటి ఆకులున్న స్ప్రూస్, ఫర్ చెట్లు. వాన చినుకు ముందు కొమ్మల మీద పడుతుంది. అక్కడ దాని వేగం చచ్చిపోతుంది. తరువాత కింద పేరుకున్న ఆకు చెత్త మీదికి జారుతుంది. ఆ చెత్త పాత పరుపులా మెత్తగా ఉండి నీటిని పీలుస్తుంది. మిగిలిన నీరు వేళ్ళ సందుల్లోంచి నెమ్మదిగా లోపలికి దిగుతుంది. అందుకే ఇంత వానలోనూ చెట్ల కింద పారే నీరు పెద్దగా కనిపించదు.

ఇప్పుడు బాట మీదికి రండి. చినుకు నేరుగా నేలను కొడుతుంది. గడ్డి బాగా పట్టిన చోట ఫరవాలేదు. గడ్డి పట్టని చోట చినుకు తగిలి మన్ను రేణువులు ఎగిరిపడతాయి. వాలు మీద నీరు వేలంత గాడిగా మొదలై, చేయంత గాడై, కింద మోకాలి లోతు గండి అవుతుంది. నీటి వేగం రెట్టింపైతే దానికున్న శక్తి నాలుగు రెట్లు అవుతుందని ఫిజిక్సులో చదువుకున్నాం కదా. పై భాగంలో ఇసుకను కూడా కదపలేని నీరు కింద గులకరాళ్ళను దొర్లిస్తుంది. ఇదే క్రమక్షయం.

దీనికి మందు కూడా ఉంది. బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా చిన్న మట్టి కట్టలు గానీ దుంగలు గానీ వేస్తారు. పారే నీరు వాటిని తాకి పక్క అడవిలోకి మళ్ళుతుంది. మెట్ట చేలలో మన రైతులు వాలుకు అడ్డంగా గట్లు వేయడం లాంటిదే. అక్కడి ఇంజనీరుకూ, ఇక్కడి రైతుకూ నీరు నేర్పిన పాఠం ఒకటే.

బాటలన్నీ ఒకే రకంగా కోలుకోవు. చెట్లను మాత్రమే కొట్టి, వేళ్ళనూ పైమన్నునూ వదిలేసిన బాటలో గడ్డి, పూల మొక్కలు త్వరగా వస్తాయి. బుల్డోజరుతో గీకి చదును చేసిన బాటలో పైమన్నే పోయింది. విత్తనాలు పోయాయి. అది కోలుకోవడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. అంత ఎత్తున ఒక్క సెంటీమీటరు మన్ను తయారు కావడానికి వందల ఏళ్ళు కావాలి. యంత్రం దాన్ని ఒక పూటలో తీసేస్తుంది.

చెట్లు ఎందుకు తిరిగి రావడం లేదు?

ఈ ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. మన వైపు ఒక పొలం రెండేళ్ళు బీడు పెడితే తుమ్మ చెట్లు మొలుస్తాయి. అక్కడ ఇరవై ఏళ్ళకూ అడవి ఎందుకు పూడలేదు?

మొదటి కారణం కాలం. అక్కడ మొక్క పెరగడానికి ఏడాదిలో రెండు మూడు నెలలే దొరుకుతాయి. మిగతా కాలమంతా మంచు కిందే. మన నడుమెత్తు ఉన్న స్ప్రూస్ మొక్క మన తాతల వయసుది కావచ్చు. రెండవ కారణం నీడ. స్ప్రూస్ మొలకకు పసితనంలో నీడ కావాలి. అడవి కొట్టేసిన బాట మీద పగలు తీక్షణమైన ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. మొలక తట్టుకోలేదు. కాబట్టి అడవి నడి బాటలో మొలవకుండా అంచుల నుంచి కొద్దికొద్దిగా లోపలికి జరుగుతుంది. పెద్ద చెట్టు నీడలో చిన్న మొక్క, అది ఎదిగాక దాని నీడలో ఇంకొకటి.

నడి బాటలోకి ముందుగా వచ్చేవి ఎండను తట్టుకునే మొక్కలు. గడ్డి, పొట్టి విల్లో పొదలు, గులాబీ రంగు పూలగుత్తులతో నిలువుగా పెరిగే ఫైర్‌వీడ్. అడవి కాలిపోయిన చోట ముందుగా మొలిచేదీ ఇదే కనుక దానికి ఆ పేరు. ఈ మొక్కలు మన్నును పట్టి ఉంచి, తరువాత వచ్చేవాటికి చోటు సిద్ధం చేస్తాయి.

ఇంకా పైకి వెళితే, సుమారు 11,500 అడుగుల దగ్గర చెట్లు ఆగిపోతాయి. ఆ పైన ఉండేది టండ్రా. ఆర్కిటిక్ ప్రాంతంలో టండ్రా ఉంటుందని మన పాఠ్యపుస్తకంలో చదివాం. ఎత్తు పెరిగినా అదే వాతావరణం వస్తుంది. అక్కడి మొక్కలు నేలకు అంటుకుని దిండ్లలా ఉంటాయి. అరచేయంత దిండు పెరగడానికి ఏళ్ళు పూళ్ళు పడతాయి. బూటు కాలితో నాలుగుసార్లు తొక్కితే చచ్చిపోతుంది. అందుకే అక్కడ దారి వదిలి నడవకూడదు. దారిలో బురద ఉన్నా బురదలోనే నడవాలి.

ఒకే వాన, రెండు సముద్రాలు

శిఖరం దగ్గరకు వచ్చాం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మనం నిలబడింది ఉత్తర అమెరికా ఖండ విభాజక రేఖ మీద. మన ఎడమ భుజం మీద పడిన చినుకు, కుడి భుజం మీద పడిన చినుకు ఇక ఎప్పటికీ కలుసుకోవు.

తూర్పున పడ్డ నీరు క్లియర్ క్రీక్ అనే వాగులో కలిసి, డెన్వర్‌కు ఉత్తరాన సౌత్ ప్లాట్ నదిలో చేరి, ప్లాట్, మిస్సోరీ, మిసిసిపీ నదుల మీదుగా మెక్సికో సింధుశాఖకు పోతుంది. అది అట్లాంటిక్ వైపు. పడమర పడ్డ నీరు ఫ్రేజర్ నదిలో, అక్కడి నుంచి కొలరాడో నదిలో కలిసి గ్రాండ్ కాన్యన్ గుండా కాలిఫోర్నియా సింధుశాఖ వైపు సాగుతుంది. అది పసిఫిక్ వైపు. దారిలో నగరాలు, పొలాలు తోడుకోవడం వల్ల కొలరాడో నది నీరు చాలా ఏళ్ళుగా సముద్రం దాకా చేరడమే అరుదైపోయింది.

మనకు దగ్గరి ఉదాహరణ గోదావరి. అరేబియా సముద్రానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో త్య్రంబకం దగ్గర పుట్టి, అటు పోకుండా 1,465 కిలోమీటర్లు తూర్పుకు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పడమటి కనుమల గట్టు దానికి విభాజకం.

అయితే మనుషులు ఈ గీతను కూడా దాటించారు. బర్థుడ్ కనుమకు ఉత్తరాన కొండ కింద మోఫట్ రైలు సొరంగం ఉంది. పొడవు పది కిలోమీటర్లు, 1928లో ప్రారంభమైంది. దాని పక్కనే పనికోసం తవ్విన చిన్న సొరంగం గుండా 1936 నుంచి ఫ్రేజర్ నదీ పరీవాహకపు నీటిని డెన్వర్ నగరానికి తెస్తున్నారు. పసిఫిక్‌కు పోవలసిన చినుకు డెన్వర్‌లో ఎవరి ఇంటి కుళాయిలోనో తేలుతుంది. ఇప్పుడు చెప్పండి. ఈ కొండ మీద మన్ను కోసుకుపోతే నష్టం కొండకు మాత్రమేనా? కింద వాగులో చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మీద ఒండ్రు పేరుకుంటుంది. తాగునీటి ఖర్చు పెరుగుతుంది. పైన ఆడుకున్నవారు వేరు, కింద నీళ్ళు తాగేవారు వేరు.

పడమట ఉరుము వినిపిస్తోంది. చెట్లు లేని శిఖరం మీద మనిషే ఎత్తైన వస్తువు. పిడుగుకు గురి అదే. ఆలస్యం చేయకుండా దిగుదాం.

ఎందుకు మూతపడింది?

దిగుతూ ఈ సంగతి మాట్లాడుకుందాం. మంచు లేక మూతపడిన చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశపు చకల్తాయా అనే చోట అయిదు వేల మీటర్లకు పైన హిమానీనదం మీద స్కీయింగ్ నడిచేది. భూమి వేడెక్కి 2009 నాటికి ఆ హిమానీనదమే కరిగిపోయింది. బర్థుడ్ సంగతి అలా కాదు. అక్కడ మంచుకు కొరత లేదు. ఇప్పటికీ బాగా పడుతుంది. అయినా మూతపడింది. కారణాలు మూడు చెప్పవచ్చు.

1. దారి మారింది. 1973లో ఐసెన్‌హోవర్ సొరంగం తెరిచారు. 70వ నంబరు పెద్ద రహదారి కొండ కిందినుంచే అవతలికి పోయింది. డెన్వర్ జనానికి బ్రెకెన్‌రిడ్జ్, కాపర్ మౌంటెన్, వెయిల్ వంటి పెద్ద రిసార్టులు దగ్గరయ్యాయి. బైపాస్ పడ్డాక పాత రోడ్డు మీద హోటల్ ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం.

2. ఆట కంటే స్థలం వ్యాపారం పెద్దదైంది. కొత్త రిసార్టులు టిక్కెట్టు మీద కాకుండా హోటళ్ళు, ఇళ్ళ స్థలాలు, దుకాణాల మీద సంపాదించసాగాయి. కనుమ మీద ఊరు కట్టడానికి చోటు లేదు, భూమి ప్రభుత్వ అడవిది. పైగా పడమటి దిగువనే 1940లో తెరిచిన వింటర్ పార్క్ రిసార్టు పెద్దదిగా ఎదిగింది.

3. ఖర్చులు పెరిగాయి. వెర్మాంట్‌లో జారిపడి పక్షవాతం వచ్చిన ఒక స్కీయరుకు 15 లక్షల డాలర్లు చెల్లించాలని 1970ల చివర కోర్టు తీర్పు వచ్చింది. దేశమంతటా స్కీ ఏరియాల బీమా ప్రీమియంలు పెరిగాయి. పెద్దవి భరించాయి. చిన్నవి తట్టుకోలేకపోయాయి. కొలరాడో ఒక్క రాష్ట్రంలోనే వందకు పైగా చిన్నా పెద్దా స్కీ ఏరియాలు ఇలా కాలంలో కలిసిపోయాయి.

చిన్న చోట్లు పోవడం వల్ల ఇంకొకటి జరిగింది. ఊరి పిల్లలు తక్కువ డబ్బుతో ఆట నేర్చుకునే అవకాశం పోయింది. ఆట ఖరీదైనవారిదైంది.

మూసేశాక బాధ్యత ఎవరిది?

మన పాఠానికి ఇదే గుండెకాయ. బర్థుడ్ కొండ ఎవరి సొంతమూ కాదు. అది జాతీయ అటవీ భూమి. అమెరికాలో అడవి భూమిలో స్కీ వ్యాపారం చేయాలంటే అటవీ శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. 1986లో దీనికోసం ఒక చట్టం కూడా చేశారు. దాని ప్రకారం 40 ఏళ్ళ వరకు అనుమతి ఇవ్వవచ్చు. అనుమతి ముగిస్తే కట్టినవి తొలగించి నేలను బాగుచేయాలన్న షరతు అందులో ఉంటుంది. అంటే లిఫ్టు పెట్టకముందే లిఫ్టు ఎలా తీయాలో కాగితం మీద ఉండాలి.

బర్థుడ్‌లో లిఫ్టు స్తంభాలు పోయాయి, లాడ్జి పోయింది. రాకీ పర్వత జాతీయ పార్కులో హిడెన్ వ్యాలీ అనే స్కీ ఏరియా కూడా 1991లో మూతపడ్డాక లిఫ్టులు తీసేశారు. ఇప్పుడు అక్కడ పిల్లలు చిన్న బల్లల మీద మంచులో జారుతుంటారు. ఇవి ఫరవాలేదనిపించే ఉదాహరణలు. ప్రైవేటు భూముల్లో చాలా చోట్ల తుప్పు పట్టిన స్తంభాలు, కుర్చీలు, కూలిన ఇంజను గదులు అలాగే చెట్ల మధ్య నిలిచి ఉన్నాయి. తీయడానికి డబ్బు కావాలి. లాభం లేని చోటికి డబ్బు తనంతట తాను రాదు. కాబట్టి ముందే షరతు ఉంటేనే, ఆ షరతును అడిగేవారు ఉంటేనే కొండ శుభ్రపడుతుంది.

షరతు వల్ల ఇనుము పోతుంది. అడవి మాత్రం తన వేగంతోనే వస్తుంది. ఈ రెండింటి తేడా మనం మరువకూడదు.

ఇప్పుడు అక్కడికి ఎవరు వస్తున్నారు?

కనుమ ఖాళీగా లేదు. వేసవిలో నడిచేవారు వస్తారు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా ఖండ విభాజకం వెంట సాగే దూరపు కాలిబాట ఈ కనుమ గుండానే పోతుంది. చలికాలంలో స్కీలకు అడుగున పట్టీలు అంటించుకుని, 1937కు ముందులాగా సొంత కాళ్ళతో ఎక్కి జారేవారు వస్తారు. టిక్కెట్టు లేదు.

కానీ టిక్కెట్టుతో పాటు కాపలా కూడా పోయింది. స్కీ ఏరియా నడిచినప్పుడు సిబ్బంది పొద్దున్నే ప్రమాదమైన మంచును పేల్చి దింపేవారు. ఇప్పుడు ఎవరి ప్రాణం వారిదే. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మంచు పలకలు పలకలుగా విరిగి జారుతుంది. దాని కింద చిక్కిన మనిషిని నిమిషాల్లో తీయకపోతే బతకడం కష్టం. అందుకని కొలరాడో ప్రభుత్వ సంస్థ ఒకటి చలికాలమంతా రోజూ మంచు చరియల హెచ్చరిక ప్రకటిస్తుంది. లిఫ్టులు తీసేసిన 2003లోనే ఫ్రెండ్స్ ఆఫ్ బర్థుడ్ పాస్ అనే స్వచ్ఛంద బృందం మొదలై, అక్కడికి వచ్చేవారికి మంచు చరియల గురించి ఉచితంగా పాఠాలు చెబుతోంది. తాళ్ళూ కంచెలూ పోయిన చోట చదువే కాపలా అయింది.

దీనితో మనకేం పని?

ఎక్కడి కొలరాడో, ఎక్కడి మనం అని కొందరు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడగవచ్చు. మేము ఈ విషయం ఎందుకు పట్టుకున్నామో చెబుతాం. మా ఊరి పక్కన ఒక రాతి క్వారీ ఉండేది. మా నాన్నగారు అందులో రాళ్ళు కొట్టారు. ఆ కూలితోనే మా ఇంట్లో మొదటిసారి ఒకరికి డిగ్రీ చదువు అందింది. ఆ క్వారీ మీద మాకు కోపం లేదు. అయితే రాయి అయిపోగానే నడిపినవారు గుంతను అలాగే వదిలి వెళ్ళిపోయారు. కంచె లేదు, బోర్డు లేదు. వానకు అది నిండింది. మేము హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, మా వాడలో మాకంటే చిన్నవాడు గేదెలను కడగడానికి దిగి అందులో మునిగిపోయాడు. గుంత ఇప్పటికీ అలాగే ఉంది.

బర్థుడ్ గురించి చదివినప్పుడు మాకు తట్టింది ఇదే. సరదా ఆటకోసం తవ్విన పునాదులకు కూడా, తీసేటప్పుడు ఏం చేయాలో షరతు ఉంది. మన దేశంలోనూ నిబంధనలు లేకపోలేదు. 2003 నుంచి కేంద్ర నిబంధనల్లో గనులకు మూసివేత ప్రణాళిక తప్పనిసరి చేశారు. 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నిబంధనల్లోనూ అది కొనసాగుతోంది. మా ఊరి క్వారీ వంటి రాతి క్వారీలు చిన్నతరహా ఖనిజాల కిందికి వచ్చి రాష్ట్ర నిబంధనల పరిధిలో ఉంటాయి. మన ఊరి క్వారీకి ఏ షరతు మీద అనుమతి ఇచ్చారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. దరఖాస్తును ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాయవచ్చు. రాయడం వచ్చినవారు ఊళ్ళో మనమే కాబట్టి ఆ పని మన మీదే ఉంది.

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. అడవి నేల వానను పీలుస్తుంది. తారు, గీకిన నేల దాన్ని ఒక్కచోటికి తోలుతాయి.
2. పైమన్ను మిగిలితే పచ్చదనం త్వరగా వస్తుంది. పైమన్ను పోతే తరాలు పడుతుంది.
3. బర్థుడ్ కనుమ: ఎత్తు 3,446 మీటర్లు, స్కీ లిఫ్టులు 1937–2001, లిఫ్టుల తొలగింపు 2003, లాడ్జి కూల్చివేత 2005.
4. విభాజక రేఖకు రెండు వైపులా పడిన నీరు వేర్వేరు సముద్రాలకు పోతుంది.
5. ఒక పని మొదలుపెట్టే ముందే దాన్ని ఎలా ముగించాలో షరతు ఉండాలి.

మీరే చేసి చూడండి

రెండు పాత రేకు డబ్బాలు తీసుకుని ఒక పక్క కోసి, ఒకే ఏటవాలుగా పెట్టండి. ఒకదానిలో గడ్డితో సహా పెకలించిన మట్టి, రెండోదానిలో ఒట్టి మట్టి నింపండి. రెండింటి మీదా ఒక్కో చెంబు నీరు జల్లుగా పోయండి. కారిన నీటిని గాజు సీసాల్లో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున ఏ సీసాలో ఎంత మన్ను పేరుకుందో స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. సైన్సు మాస్టారుగారికి, వార్డెనుగారికి చూపించండి.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో వదిలేసిన క్వారీ, ఇటుక బట్టీ, చెరువు మట్టి తీసిన గుంత ఏదైనా ఉంటే, వాన వెలిశాక పెద్దవారిని వెంటబెట్టుకుని దూరం నుంచే చూడండి. గుంతలోకి మాత్రం దిగవద్దు. నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోంది? ఏ మొక్కలు ముందుగా మొలిచాయి? కంచె ఉందా? ఎవరు నడిపారు, ఎప్పుడు ఆపారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు, ఒక చిన్న పటం గీసి తీసుకురండి. సెలవుల తరువాత మేము హాస్టలుకు వచ్చినప్పుడు ఆ పటాలన్నీ కలిపి చూద్దాం. ఏ ఊరికి ముందుగా దరఖాస్తు రాయాలో అప్పుడు తేల్చుకుందాం.